మా బావ పూడ్చేసిన చిల్లు

కళ్ళజోడు పెట్టుకున్నా మా బావకి దూరంగా ఉన్నవేవీ కనపడవు. వీధి చివర నిలబడి మా అక్క చెయ్యి ఊపితే, ఎవరో దుప్పటి దులుపుతున్నారనుకుని తలదించుకుని వెళ్ళిపోతాడు. మొదటిసారి మా ఇంటికి వచ్చిన రోజున గుమ్మంలో నిలబడ్డ నన్ను చూసి, నేనే అక్కననుకుని సిగ్గుపడి నమస్కారం పెట్టాడు. అప్పటికి నాకు పదకొండేళ్ళు, చేతిలో సగం కొరికిన జామకాయ ఉంది. ఆ సంగతి ఎత్తిపొడవడం నేను ఇప్పటికీ మానలేదు. మానను కూడా.

కానీ ముక్కుకి జానెడు దూరంలో పెట్టిన వస్తువుని ఆయన చూసినట్టు ఈ లోకంలో ఎవరూ చూడలేరు. ఆయనది రఫూ పని. అంటే బట్ట చిరిగినా, కాలినా, పురుగు కొట్టినా, ఆ చిల్లుని అతుకు వెయ్యకుండా, కుట్టు కనపడకుండా, మళ్ళీ నేత నేసినట్టు పూడ్చడం. నిలువున పడుగు పోగు ఒకటి, అడ్డంగా పేక పోగు ఒకటి, పైన ఒకటి, కింద ఒకటి. బజారులో కొన్న దారం వాడడు. ఆ బట్ట లోపలి మడతలోంచే పోగులు లాగి, ఆ పోగులతోనే చిల్లు పూడుస్తాడు. “బట్ట రోగానికి బట్టలోనే మందుంది” అంటాడు. ఆయనకున్న గొప్పలు రెండే రెండు. ఒకటి ఆ మాట. రెండోది, పని అయ్యాక బట్ట యజమాని చేతిలో పెట్టి, “ఎక్కడో చెప్పండి చూద్దాం” అనడం. వాళ్ళు వెలుతురులోకి తీసుకెళ్ళి, తిరగేసి, బోర్లేసి, చివరికి చేతులెత్తేస్తారు. అప్పుడు మా బావ మొహం చూడాలి. మామూలుగా ఆ మొహంలో చూడడానికేమీ ఉండదు.

లాండ్రీ నాది. మా నాన్న పోయాక నాకొచ్చింది. పక్క గది ముందే అల్లుడికి, అంటే మా బావకి, ఇచ్చాడు. రెండు గదుల మధ్య గోడలో తలపట్టేటంత కిటికీ ఉంది. ఉతకడానికి వచ్చిన బట్టల్లో చిరుగులున్నవి నేను ఆ కిటికీలోంచి అటు పడేస్తాను, ఆయన పూడ్చి ఇటు పడేస్తాడు. మధ్యలో మాటలు కూడా పడేసుకుంటాం. నాకు కోపం ఎక్కువ, ఆయనకి అసలు లేదు. అక్కడికీ ఇక్కడికీ కలిపి సగటు మనుషులం అవుతాం. మా ఆయన దూరాలు తిరిగే బస్సు నడుపుతాడు. ఇంట్లో ఉండేది తక్కువ, ఈ కథలోనూ అంతే.

బావ గది గుమ్మం పైన ఒక చెక్క ఉంటుంది. ‘సైన్యంలో పనిచేసినవారి బట్టలు ఉచితంగా బాగుచేయబడును’ అని దాని మీద ఆయనే రాసుకున్నాడు. దూరం నుంచి తనకి కనపడదు కనక అక్షరాలు మూరెడేసి రాశాడు.

ఆ చెక్క వెనక కథ మా అక్కకి చెప్పాడు, అక్క నాకు చెప్పింది. పంతొమ్మిదేళ్ళప్పుడు వీధిలో ముగ్గురు స్నేహితులతో కలిసి సైన్యంలో చేరడానికి వెళ్ళాడట. పరుగులో నెగ్గాడు, ఎత్తు సరిపోయింది, ఛాతీ సరిపోయింది. చివర్న డాక్టరు, ఎదురుగా గోడ మీద ఉన్న అక్షరాలు చదవమన్నాడు. మావాడు “ఏ గోడండీ?” అని అడిగాడు. డాక్టరు నవ్వి, భుజం తట్టి, ఇంటికి పంపించేశాడు. నలుగురిలో ముగ్గురిని తీసుకున్నారు. ఆ ముగ్గురిలో ఇద్దరు తిరిగొచ్చారు.

మూడో అతని గురించి బావ ఎక్కువ మాట్లాడడు. ఒకసారి మాత్రం, ఎందుకయ్యా ఈ ఉచితం అని నేను దెప్పితే సూది ఆపకుండానే చెప్పాడు.

“వాళ్ళు దూరంగా చూస్తూ నిలబడ్డారు కాబట్టే కదమ్మా, నేను దగ్గర చూసుకుంటూ కూర్చోగలిగాను.”

మర్నాడు ఆ చెక్క మీద దుమ్ము నేనే తుడిచాను. 

అయితే ఉచితం అనేసరికి ఊళ్ళో సైనికులు పుట్టుకొచ్చారు. ఒకాయన పట్టు చొక్కా తెచ్చి, నేను సైన్యంలో చేశానన్నాడు. పట్టు చొక్కా తొడుక్కుని ఏ యుద్ధం చేశారని నేను కిటికీలోంచి అడిగాను. ఇంకొకడు మామగారి తోడల్లుడు సిపాయి అన్నాడు. పెళ్ళికూతురి గౌను తెచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. వీళ్ళందరూ నిజంగా సైన్యంలో ఉండుంటే శత్రువు ఈ దిక్కుకి చూసే ధైర్యం చేసేవాడు కాదని మా అక్క అనేది. బావ మాత్రం ఎవర్నీ కాగితాలడిగేవాడు కాదు. నిజంగా చేసినవాణ్ణి ఒక్కణ్ణి అనుమానించడం కంటే, చెయ్యనివాళ్ళు వందమందికి కుట్టడం నయం అంటాడు. ఇలాంటి మనిషితో ఎవరు వాదిస్తారు? నేను వాదించాను. లాభం లేకపోయింది.

ఇక కోటు సంగతి.

మా వెనక వీధిలో సార్జెంటుగారని ఒక పెద్దాయన ఉన్నారు. అరవై అయిదు దాటాయి. నిటారుగా నడుస్తారు, మాట ఖర్చు పెట్టరు. “అవును”, “కాదు”, “సరే” — ఈ మూడింటితో ఇంతకాలం సంసారం చేశారని ఆయన భార్య చెబుతుంది. ఆవిడని నేను పిన్నిగారంటాను. ఆయన మాట్లాడకుండా మిగిల్చినవన్నీ ఆవిడ మాట్లాడుతుంది.

ఒక సోమవారం పొద్దున్న పిన్నిగారు ఒక ముదురాకుపచ్చ ఉన్ని కోటు పట్టుకొచ్చింది. ఆయన సైన్యంలో వేసుకున్నది. పాత స్నేహితుడు ఆదివారం ఇంటికి వస్తున్నాడని, ఆయన పెన్షను ఆఫీసుకి వెళ్ళిన అదను చూసి తెచ్చాననీ, ఏటా ఇంట్లో ఎండకి వెయ్యడమే తప్ప బయట ఎవరికీ ఇవ్వలేదనీ, దుమ్ము వాసన వస్తోందనీ, శుభ్రంగా ఉతికి ఇస్త్రీ చెయ్యమనీ చెప్పి వెళ్ళింది. గుక్క తిప్పుకోకుండా ఇన్ని చెప్పిన మనిషి చెప్పాల్సిన ఒక్కటీ చెప్పలేదు.

ఉతికే ముందు ప్రతి బట్టా తడిమి చూడడం నా అలవాటు. ఎడమ చెయ్యి మీద, మోచేతికి కాస్త పైన, బొటనవేలు దూరేంత చిల్లుంది. అంచులు కాలి నల్లగా గట్టిపడి ఉన్నాయి. అయ్యో, పెద్దాయన చిల్లు కోటుతో స్నేహితుడికి కనపడతాడా అనిపించింది. బావకిస్తే సంతోషిస్తాడు కదా అనిపించింది. ఒక్క మాట పిన్నిగారిని అడిగితే పోయేది. అడగలేదు. ఉతికి, ఆరబెట్టి, కిటికీలోంచి అటు పడేశాను. “నిజం సైనికుడి కోటు బావా, పట్టు చొక్కా కాదు” అన్నాను.

రెండు రోజులు మా బావ వేరే పని ముట్టుకోలేదు. ముందు కాలిన పోగులన్నీ ఒక్కొక్కటిగా ఏరి పారేశాడు, కాలిన పోగు మీద కొత్త పోగు నిలవదట. తర్వాత కోటు కింది మడత విప్పి పోగులు లాగాడు. మందపాటి ఉన్ని నేత, పోగులు రెండేసి వరసల్లో ఏటవాలుగా నడుస్తాయి. ఇంత కష్టమైన నేత తన చేతికి ఎప్పుడూ రాలేదన్నాడు. భోజనానికి అక్క మూడుసార్లు పిలిస్తే నాలుగోసారికి లేచేవాడు. ఈల వేసుకుంటూ పనిచేశాడు. బావ ఈల వెయ్యడం నేను అంతకుముందు వినలేదు, ఆ తర్వాత వినమని ఎవరికీ చెప్పను. బుధవారం సాయంత్రానికి పని అయింది. నేను ఇస్త్రీ చేశాను. ఇద్దరం మురిసిపోతూ తగిలించి చూసుకున్నాం.

ఆ సాయంత్రమే కోటు తీసుకోవడానికి సార్జెంటుగారే వచ్చారు. భార్య తనకి చెప్పకుండా ఇచ్చిందన్న చిరాకు మొహంలో కనిపిస్తూనే ఉంది. బావ తన గదిలోంచి వచ్చి రెండు చేతులతో కోటు అందించాడు. పిల్లాడిలా నవ్వుతూ ఎప్పుడూ అడిగే మాట అడిగాడు.

“ఎక్కడో చెప్పండి సార్, చూద్దాం.”

సార్జెంటుగారికి ఒక క్షణం అర్థం కాలేదు. తర్వాత కుడి చెయ్యి తనంతట తనే కోటు ఎడమ చేతి మీదకి వెళ్ళింది. బొటనవేలు అక్కడ తడిమింది. ఇంకాస్త పైన తడిమింది. కింద తడిమింది. నేను ఆయన వేలినే చూస్తున్నాను. చూస్తూండగానే నాకు తెలిసిపోయింది, మేం చెయ్యకూడనిది ఏదో చేశామని. ఆయన నా ఇస్త్రీ బల్ల పక్కనున్న స్టూలు మీద కూర్చున్నారు.

కోప్పడితే బాగుండేది. కోపం నాకు తెలిసిన సరుకు. ఆయన మెల్లగా చెప్పడం మొదలుపెట్టారు. మూడు మాటల మనిషి కదా, అంత పొడుగు మాట్లాడడం ఆయనకి అలవాటు లేదు, అక్కడక్కడ ఆగిపోయారు. నలభై ఏళ్ళ కింద మంచు కొండ మీద కాపలా. ఆ పూట వంతు ఆయనది, ఒళ్ళు కాలిపోయే జ్వరం. కబుర్లందించే వైర్‌లెస్ యంత్రం చూసే స్నేహితుడు, అందరూ వైర్‌లెస్ అనే పిలిచేవారట, “నువ్వు పడుకో, నేను వెళ్తా” అన్నాడు. అతని కోటు తడిసి పొయ్యి దగ్గర ఆరుతోంది, అందుకని ఈ కోటు తొడుక్కుని వెళ్ళాడు. గంట కాలేదు, ఫిరంగి గుండు పేలి గోరంత ఇనుపముక్క కోటు చేతిలోంచి దూసుకుపోయింది. మంచులో దారి మూసుకుపోయి నాలుగు రోజులు ఆస్పత్రికి చేర్చలేకపోయారు. చెయ్యి తీసేశారు.

వైర్‌లెస్‌ని ఆస్పత్రి నుంచే ఇంటికి పంపించేశారు. కోటు మాత్రం తిరిగి సార్జెంటుగారి దగ్గరకి వచ్చింది. ఆ తర్వాత ఇద్దరూ కలుసుకోలేదు. మొదట్లో సెలవులు దొరకలేదు. తర్వాత ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలో తెలియలేదు. ఇప్పుడు వైర్‌లెస్ మనవడికి ఈ ఊళ్ళో ఉద్యోగమొచ్చింది, అతనే చూడడానికి వస్తున్నాడు.

“నాకు మాటలు రావు,” అన్నారు సార్జెంటుగారు. “ఈ కోటు తొడుక్కుని వాడి ఎదురుగా నిలబడదామనుకున్నా. ఆ చిల్లు చూస్తే వాడికే తెలిసేది, నేను మర్చిపోలేదని. ఇప్పుడెలా తెలుస్తుంది?”

 ఆయన లేచి, కోటు బల్ల మీదే వదిలేసి, ఆదివారానికి ఆ చిల్లు తనకి కావాలని ఒక్క మాట చెప్పి వెళ్ళిపోయారు.

తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు పిన్నిగారు తన వంతు తను తీసుకుంది, నా వంతు నేను తీసుకున్నాను. బావ మాత్రం మొత్తం తనదే అంటాడు. కాలిన గుర్తు చూడగానే అది పురుగు కొట్టింది కాదని తెలిసే ఉండాలి, అడిగి ఉండాలి, పని మీద ఆశతో అడగలేదు అన్నాడు. తర్వాత కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, కోటు ముక్కు దగ్గరకి తెచ్చుకుని, తను వేసిన పోగులు వెతకడం మొదలుపెట్టాడు.

ఇక్కడే వచ్చింది చిక్కు. ఆయనకి కనపడలేదు.

నవ్వు రాకూడని చోట నవ్వు రావడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. ఇన్నేళ్ళుగా “ఎక్కడో చెప్పండి చూద్దాం” అని ఊరందర్నీ ఏడిపించిన మనిషి, తన పని తనకే దొరక్క గురువారమంతా కోటుతో కుస్తీ పట్టాడు. మోచేతికి పైన అని తెలుసు, అరచేతి వెడల్పు చోటు. అందులో ఏ పోగు కోటుది, ఏ పోగు తనది? అన్నీ కోటువే కదా. భూతద్దం పెట్టాడు. వీధిలోకి తీసుకెళ్ళి ఎండకి పట్టాడు. లోపల దీపం పెట్టి బయటి నుంచి చూశాడు. అక్క కూడా వచ్చి కూర్చుంది. అక్క కళ్ళు మంచివే, కానీ దానికి ఓపిక తక్కువ. రెండో గంటకే తేల్చేసింది.

“ఆ చుట్టుపక్కల ఎక్కడో ఒకచోట కత్తెరతో బొటనవేలంత కోసెయ్యండి. అగ్గిపుల్ల గీసి అంచులు కాల్చండి. ఎవరికి తెలుస్తుంది?”

బావకి కోపం రావడం నేను ఆ రోజు మొదటిసారి చూశాను. గొంతు పెంచలేదు. కోటుని ఒళ్ళోకి లాక్కున్నాడు, అంతే.

“ఆ చిల్లు పడడానికి ఒక మనిషి చెయ్యి పోయింది. నేను అగ్గిపుల్లతో చేస్తానా?”

అక్క టీ పెట్టడానికి లేచింది.

శుక్రవారం నాకో ఆలోచన వచ్చింది. కోటు పైభాగం నలభై ఏళ్ళు ఎండా గాలీ చూసింది. మడతలోంచి తీసిన పోగులు ఇన్నాళ్ళూ చీకట్లో ఉన్నాయి. మామూలుగా తేడా తెలియకపోవచ్చు, కానీ ఉన్ని మీద ఆవిరి పడితే రంగు తేలుతుంది, అది లాండ్రీవాళ్ళకే తెలుసు. ఇస్త్రీపెట్టె కాచి, తడిగుడ్డ కప్పి, ఆవిరి పట్టించి చటుక్కున తీశాను. రెండు లెక్కపెట్టేంత సేపు, ముదురాకుపచ్చ మీద మరీ ముదురాకుపచ్చగా బొటనవేలంత మచ్చ కనిపించి మాయమైంది. “అదిగో” అని సుద్దముక్కతో గీశాను. కొండంత బరువు దిగిపోయిందనుకున్నాను.

బావ సూది తీసుకున్నాడు. మొదటి పోగు కిందకి మొన పోనిచ్చాడు. అక్కడే ఆగిపోయాడు.

చాలాసేపు చూసి సూది తీసేశాడు. ఈ పోగులు లాగేస్తే చిల్లు వస్తుంది, కానీ శుభ్రమైన చిల్లు వస్తుంది అన్నాడు. నల్లటి అంచులు తనే ఏరి పారేశాడు. అవి మంగళవారమే చెత్తలో కలిసిపోయాయి. ఇప్పుడు ఏం చేసినా అది ఆ రోజు చిల్లు కాదు, తను చేసిన చిల్లు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే. ఏం చేద్దాం అని నేను అడిగాను. అడిగానంటే, అరిచాను.

“ఆదివారం నేనే వెళ్ళి, ఆ వైర్‌లెస్‌గారికి చెబుతాను,” అన్నాడు బావ. “తప్పు చేసినవాడు నోటితో చెప్పుకోవాలి గదా.”

ఆదివారం పదిగంటలకి ఇద్దరం బయల్దేరాం. బావ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, చేతి మీద కోటు. నేను ధైర్యంగా ఉన్నట్టు నడిచాను. లోపల మాత్రం గుండె ఇస్త్రీపెట్టె మీద నీటిచుక్కలా ఎగురుతోంది. ఒక పెద్దమనిషి నలభై ఏళ్ళు దాచుకున్న మాటని మేం మింగేశామన్న దిగులు అది.

సార్జెంటుగారి ముందు గదిలో నాలుగు కుర్చీలు, ఒక చెక్క అలమారా, గోడకి పటాలు. వైర్‌లెస్‌గారు అప్పటికే వచ్చేశారు. మేం గుమ్మం ఎక్కకముందే ఆయన గొంతు వినపడింది. బస్సులో పక్క సీటువాడి గురక, మనవడి వంట, తన మోకాలి నెప్పి, అన్నీ ఒకేసారి ప్రసారం అవుతున్నాయి. ఆయన నోట్లో నువ్వుగింజ నానదని ఒక్క నిమిషంలో తెలిసిపోయింది. పొట్టిగా, గుండ్రంగా ఉన్నారు. ఎడమ చొక్కా చెయ్యి మడిచి పిన్నీసుతో భుజానికి గుచ్చుకున్నారు. ఎదురు కుర్చీలో సార్జెంటుగారు, పరీక్షకి చదవకుండా వచ్చిన పిల్లాడిలా చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నారు.

బావ ఎవరితోనూ కుశల ప్రశ్నలు వెయ్యలేదు. వైర్‌లెస్‌గారి ముందు నిలబడి, కోటు చూపించి, జరిగింది మొదట్నించి చివరి దాకా చెప్పాడు. తను రఫూ పనివాణ్ణనీ, అడగకుండా చిల్లు పూడ్చేశాననీ, సార్జెంటుగారు దాన్ని మీకు చూపించడానికి నలభై ఏళ్ళు అలాగే ఉంచారనీ, ఇప్పుడు చూపించడానికి ఏమీ లేదనీ, అది తన తప్పేననీ చెప్పాడు. కోటు కుట్టమని ఇచ్చింది నేనని అడ్డుపడబోయి, కంగారులో చిల్లు పెట్టిందే నేనని చెప్పి, నాలుక కరుచుకున్నాను.

వైర్‌లెస్‌గారు కోటు ఒళ్ళోకి తీసుకున్నారు. ఎడమ చెయ్యి తడిమారు. నా సుద్దగీత ఇంకా కొంచెం ఉంది, దాని చుట్టూ బొటనవేలు తిప్పారు. ఉన్నట్టుండి పగలబడి నవ్వడం మొదలుపెట్టారు. కళ్ళు తుడుచుకోవడానికి ఒకటే చెయ్యి ఉంది, అది కోటు పట్టుకుని ఉంది. అందుకని కోటుతోనే తుడుచుకున్నారు.

“వీడికి నేను రాసిన ప్రతి ఉత్తరంలోనూ అడిగాను, కోటు కుట్టించుకున్నావా, గాలి దూరుతుంది, అసలే నీది జ్వరాల ఒళ్ళు అని. ఆ ముక్కకి ఒక్కసారీ జవాబు లేదు. ‘క్షేమం, నీ క్షేమం కోరుతున్నాను’, ఇంతే. నలభై ఏళ్ళలో నేను చేయించలేని పని మీరు రెండ్రోజుల్లో చేసి, వచ్చి తప్పంటారేంటి బాబూ?”

లేచి నిలబడి కోటు తొడుక్కుంటానన్నారు. బావ పట్టుకున్నాడు. కుడి చెయ్యి దూరింది. ఎడమది ఖాళీగా వేలాడింది. పొట్టి మనిషికి కోటు మోకాళ్ళు దాటింది. అలా గది నాలుగు మూలలా నడిచి చూపించారు. “అప్పుడూ ఇది నాకు పొడుగే. మంచులో ఈడ్చుకుంటూ వెళ్ళా,” అన్నారు. పిన్నిగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఏది ముందు రానివ్వాలో తెలియక గోడ పటాలకేసి చూశాను.

కోటు తొడిగేటప్పుడే బావ చూపు ఆయన చొక్కా మీద పడింది. అది జానెడు దూరంలోనే ఉంది మరి. పిన్నీసు గుచ్చిగుచ్చి భుజం దగ్గర చొక్కా జల్లెడ అయింది, తుప్పు మరక కూడా పడింది. ఆ కాస్త బాగుచేస్తాను, మీరు అనుమతిస్తేనే, అని అడిగాడు. ఈసారి ముందే అడిగాడు. వైర్‌లెస్‌గారు కోటు విప్పి కూర్చుని భుజం అప్పగించారు. బావ జేబులోంచి సూది తీసి, పిన్నీసు తీసేసి, ఖాళీ చెయ్యిని చక్కగా లోపలికి మడిచి కుట్టడం మొదలుపెట్టాడు. కూలి ఎంత అని ఆయన అడిగితే, మా ఊరి సైనికులందరి సంగతీ నేను చెప్పాను, పట్టు చొక్కాతో సహా.

 కోటు సార్జెంటుగారి ఒళ్ళోకి చేరింది. బొటనవేలు అలవాటుగా ఆ చోటుకి వెళ్ళింది. అక్కడ దూరడానికేమీ లేదు. నిండు నేత మీద ఆ వేలు అటూ ఇటూ తిరిగింది.

“నీకు చూపించడానికి అదొక్కటే ఉంది నా దగ్గర,” అన్నారు ఎట్టకేలకి.

 వైర్‌లెస్‌గారు స్నేహితుడి మొహంలోకి చూశారు. ఉదయం నుంచి నడుస్తున్న ప్రసారం ఆగిపోయింది. గదిలో బావ దారం లాగిన చప్పుడు వినపడింది. 

సార్జెంటుగారు లేచారు. కోటు కుర్చీలో పెట్టారు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కాసేపు నిలబడి, రెండడుగులు వేసి, వైర్‌లెస్‌గారి కుడి చెయ్యి తన రెండు చేతులతో పట్టుకున్నారు.

“ఆ పూట నేను వెళ్ళాల్సింది,” అన్నారు. “నువ్వు వెళ్ళావు. నా పెళ్ళి, నా పిల్లలు, ఈ ఇల్లు, ఇవాళ పొద్దున్న తాగిన టీ, అన్నీ నువ్విచ్చినవేరా. రోజూ అనుకుంటా. ఒక్కరోజు కూడా మానలేదు. నీకు చెప్పడమే చేతకాలేదు.”

ఆయన జీవితంలో ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడడం పిన్నిగారు కూడా వినలేదట. వైర్‌లెస్‌గారు చెయ్యి విడిపించుకుని, ఫోను పట్టుకున్నట్టు చెవి దగ్గర పెట్టుకున్నారు. 

“లైను సరిగ్గా లేదు. మళ్ళీ చెప్పు,” అన్నారు.

సార్జెంటుగారు మళ్ళీ చెప్పారు, మొదటిదాని కంటే గట్టిగా. చెప్పేటప్పుడు ఆయనకే నవ్వు వచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. వైర్‌లెస్‌గారు మళ్ళీ చెప్పమన్నారు. మూడోసారి కూడా చెప్పారు. ఈసారి పిల్లల తర్వాత మనవల పేర్లు కూడా కలిపారు. బావ సూది అలాగే గాలిలో పట్టుకుని, కళ్ళజోడు మసకేసిందని నన్ను తుడవమన్నాడు. నా కళ్ళు తుడుచుకోవడానికే నాకు తీరిక లేదు.

నాలుగోసారి చెప్పమన్నప్పుడు మాత్రం సార్జెంటుగారు “పోరా” అన్నారు.